ఇంటికి ముగ్గు ఎవరు పోయాలి?

(అరకులోయలో గ్రామ మహిళా సంఘాల సభ్యులకు జరిగిన శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం. మాట తీరు మార్చకుండా కొంత కుదించి ఇస్తున్నాం.)



చిన్న ఇంటిని వీలుగా ఎలా కట్టుకోవాలి, ఉన్న కాస్త చోటులో సామాను ఎలా అమర్చుకోవాలి అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. నేను విశాఖపట్నంలో ఇళ్ళ ప్లాన్లు గీసే పనిలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను. పట్నంలో ఈ విద్యకి ఇప్పుడు మంచి గిరాకీ ఉంది. పగలు సోఫా, రాత్రి మంచం అయ్యేవి, గోడలోకి మడిచేసేవి, అడుగున సొరుగులున్నవి, డబ్బుంటే ఏవైనా దొరుకుతాయి. ఐదు వందల అడుగుల ఫ్లాటుని చిన్న ఇల్లు అంటారు అక్కడ. ఇక్కడ కూర్చున్న చాలామంది ఇళ్ళు అందులో సగం ఉంటాయి. అంచేత ఆ బొమ్మల పుస్తకం మీ ముందు తిరగేసి వెళ్ళిపోవడం నాకు ఇష్టం లేదు.

హక్కుల సభలో మంచాలూ బల్లల సంగతి ఏమిటని కొందరికి అనిపించవచ్చు. భూమి ఉంది, అడవి ఉంది, కూలి ఉంది, కొట్టే మొగుళ్ళున్నారు. ఇన్ని ఉండగా అటకల గురించి మాట్లాడుకోవాలా? మాట్లాడుకోవాలనే నేను అనుకుంటాను. ఇల్లు చిన్నదైన కొద్దీ అందులో పని పెరుగుతుంది. పెద్ద ఇంట్లో మంచం ఒకచోట వేస్తే అక్కడే ఉంటుంది. చిన్న ఇంట్లో అదే చోటులో రాత్రి పడుకోవాలి, పొద్దున్న వండాలి, పగలు మిరియాలు ఆరబెట్టాలి, సాయంత్రం పిల్లలు చదువుకోవాలి. ఒక చోటు నాలుగు చోట్లుగా మారాలి. ఆ మార్పు దానంతట అది జరగదు. ఎవరో ఒకరు వంగి ఎత్తాలి, మడవాలి, పక్కకి జరపాలి, మళ్ళీ తెచ్చి పరచాలి. ఆ ఎవరో ఒకరు ఎవరో మనందరికీ తెలుసు.

కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ఉంది. జీతం లేని ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు ఆ పని చేస్తున్నారని అందులో తేలింది. అంటే ఆడవాళ్ళకి దగ్గర దగ్గర ఐదు గంటలు. ఇంటి ప్లాను బాగుంటే ఈ గంటలు కొన్ని తగ్గుతాయి, చెడితే పెరుగుతాయి. అయినా ప్లాను గీసేటప్పుడు ఈ ఐదు గంటల మనిషిని అడిగేవాళ్ళు ఉండరు. నేను ఈ రోజు చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. చిన్న ఇంటి ప్లానులో ఆడమనిషి మాట ఉండాలి. అది ఎవరో దయతలచి అడగడం కాదు, హక్కుగా ఉండాలి.

పాత ఇంటి తెలివి

అవసరాన్ని బట్టి మారే ఇల్లు అనేది పట్నం వాళ్ళు కనిపెట్టింది కాదు. సాన్‌ఫ్రాన్సిస్కోలో మర్ఫీ అనే ఆయన 20వ శతాబ్దం మొదట్లో గోడలోకి మడిచే మంచాన్ని అమ్మి పేరు తెచ్చుకున్నాడు. మన నులక మంచం ఏం చేస్తుంది? పగలు గోడకి నిలబడుతుంది. ఎండలో వాల్చి మిరపకాయలు ఆరబోస్తే బల్ల అవుతుంది. జబ్బు మనిషిని ఆసుపత్రికి మోసుకెళ్ళాలంటే డోలీ కూడా అదే అవుతుంది. ఆ చివరి ఉపయోగం మన గొప్పతనం కాదు, రోడ్డు వెయ్యని వాళ్ళ నేరం. అది వేరే సభలో మాట్లాడుకుందాం.

చాప చుట్టేస్తే పడకగది మాయమవుతుంది. ఉట్టి కడితే పెరుగు కుండకి నేల మీద చోటు అక్కర్లేదు, పిల్లి బెంగా లేదు. దండెం కడితే బట్టలకి బీరువా అక్కర్లేదు. గోడలో గూడు చేస్తే దీపానికి బల్ల అక్కర్లేదు. వెదురు తడిక అడ్డం పెడితే ఒక గది రెండవుతుంది, తీసేస్తే మళ్ళీ ఒకటవుతుంది. పొయ్యి మీద అటక కడితే మొక్కజొన్న కండెలూ, వచ్చే ఏటికి దాచిన చోడి విత్తనమూ పొగకి ఎండి పురుగు పట్టకుండా ఉంటాయి. సీతంపేట వైపు సవరల పాత ఊళ్ళలో ఇళ్ళు వరసగా, గోడకి గోడ ఆనుకుని, ముందు ఎత్తు అరుగుతో ఉండేవి. ఇల్లు చిన్నది. కానీ అరుగుల వరస అంతా ఒక పెద్ద గది లెక్క. తీరిక పని, ముచ్చట, పిల్లల ఆట, ముసలివాళ్ళ కునుకు అంతా అక్కడే సాగేది.

ఇదంతా చెప్పి పాత ఇల్లే స్వర్గం అనబోవడం లేదు. కిటికీ లేని చీకటి, తల వంచితే గాని దూరలేని గుమ్మం, కప్పుకి గడ్డి కోసి మోసే చాకిరీ, విత్తనాన్ని కాపాడిన ఆ పొగే ఆడదాని కళ్ళనీ ఊపిరితిత్తులనీ పాడుచెయ్యడం, ఇవన్నీ అందులోనివే. పక్కా ఇల్లు కావాలని మీరు అడగడంలో తప్పేమీ లేదు. వర్షానికి కారని కప్పు, తేలు దూరని గోడ అందరికీ కావాలి. నా ఫిర్యాదు వేరు. పక్కా ఇల్లు వచ్చినప్పుడు పాత ఇంటిలోని కష్టం కొంత పోయింది, తెలివి మాత్రం మొత్తం పోయింది. అటక లేదు, అరుగు లేదు, ఉట్టి కట్టడానికి కొక్కెం లేదు. నాలుగు గోడలూ ఒక శ్లాబూ మిగిలాయి.

270 అడుగుల లెక్క

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. ఇందిరా ఆవాస్ యోజన 1985లో మొదలైంది. 1996 జనవరి నుంచి విడి పథకమైంది. అందులో ఇల్లు కనీసం 20 చదరపు మీటర్లు ఉండాలన్నారు. 2016లో దాని స్థానంలో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌లో దాన్ని 25 చదరపు మీటర్లు చేశారు, వంటకి వేరుగా చోటుతో కలిపి. మైదానాలకు ఇంటికి 1.20 లక్షల రూపాయలు, కొండ ప్రాంతాలకు 1.30 లక్షలు అన్నారు. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో ఖోండు, పోర్జా, గదబ, కొండ సవర వంటి బాగా వెనకబడిన తెగల వాళ్ళకు ఇంటికి 2 లక్షలు పెట్టారు. ఈ డబ్బుతో, కొండ మీదికి ఇసకా సిమెంటూ చేర్చే ఖర్చుతో, ఎంత ఇల్లు లేస్తుందో కట్టినవాళ్ళు మీరే చెప్పగలరు.

25 చదరపు మీటర్లంటే సుమారు 270 చదరపు అడుగులు. బయటి కొలత 18 అడుగులకు 15 అడుగులు అనుకోండి. చుట్టూ తొమ్మిది అంగుళాల గోడ కడితే లోపల మిగిలేది పదహారున్నరకు పదమూడున్నర, అంటే 223 అడుగులు. 47 అడుగులు గోడలే తినేశాయి. మూడడుగుల తలుపు లోపలికి తెరుచుకుంటే అది తిరిగే మేర ఏడు అడుగులు ఖాళీగా ఉంచాలి. రెండు తలుపులకి పద్నాలుగు. ఆరుకి మూడు మంచం ఒక్కోటి 18 అడుగులు, రెండు వేస్తే 36. పొయ్యి దగ్గర ఒక మనిషి కూర్చుని, పక్కన కట్టెలూ నీళ్ళూ పెట్టుకోవాలంటే 30 అడుగులైనా ఉండాలి. ఇక ధాన్యం, చోళ్ళు, రాజ్‌మా, చింతపండు, అమ్మకానికి కట్టిన కొండచీపుర్ల కట్టలు, నాగలి, గొడ్డలి, గొడుగులు, కోళ్ళ గంప, వానాకాలం కట్టెలు. ఇందులో ఆరుగురు మనుషులు.

పట్నం ఇల్లు వస్తువులు వాడుకునే ఇల్లు. కొండ మీది ఇల్లు పంట నిలవచేసే ఇల్లు, సరుకు తయారుచేసే ఇల్లు. ఈ తేడా నమూనా ప్లానులో ఎక్కడా కనపడదు. హాలు, గది, వంటగది అని మూడు పేర్లు రాసి పట్నం ఇంటినే చిన్నది చేసి ఇచ్చారు. ఫలితం మీరు రోజూ చూస్తున్నారు. చాలా ఊళ్ళలో నేను చూసిన మరుగుదొడ్లు కట్టెలతోనూ, ధాన్యం బస్తాలతోనూ నిండి ఉన్నాయి. "మీ వాళ్ళకి దొడ్డి వాడటం తెలీదు" అని పై నుంచి వచ్చినవాళ్ళు నవ్వుతారు. తెలియక కాదు. ఆ ఇంట్లో సామాను పెట్టుకునే చోటు వేరే లేదు. వానలో తడిస్తే ఏడాది తిండి పోతుంది కనుక ధాన్యాన్ని కాపాడుకున్నారు. బదులుగా ఆ ఇంటి ఆడపిల్లలు చీకట్లో తుప్పల్లోకి పోతున్నారు. ఒక అటక లేకపోవడం అంత దూరం పోతుంది.

ఒక ఊళ్ళో ఒక వదిన నాతో అన్న మాట ఇది: "ఆలొచ్చినారు, ముగ్గు పోసీసినారు, ఎలిపోనారు. పొయ్యి ఏ పక్కనుండాలో నన్నడిగితే కదేటి!" పునాదికి సున్నంతో గీత గియ్యడాన్ని ముగ్గు పొయ్యడం అంటాం. వాకిట్లో ముగ్గు రోజూ మనచేతే వేయిస్తారు. ఇంటి ముగ్గు దగ్గర మాత్రం మనం నీళ్ళు మోసే కూలీలం.

ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లు చెప్పే పాఠం

ఇది మన దగ్గరే ఉన్న లోటు కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మికులకూ చిరుద్యోగులకూ వేల ఇళ్ళు కట్టారు. ఆ ఇళ్ళకి వంటగది గీసింది ఒక స్త్రీ. ఆమె పేరు మార్గరెటె ష్యుటె లిహోత్స్కీ. వియన్నా మనిషి, ఆస్ట్రియాలో వాస్తుశిల్పం చదివి ఆ వృత్తిలోకి వచ్చిన మొదటి తరం స్త్రీ. సుమారు ఆరడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు ఉన్న చోటులో ఆమె మొత్తం వంటింటిని ఇమిడ్చింది. రైలు పెట్టెలో వంట చేసే గదిని చూసి నేర్చుకుంది. వంట మనిషి ఎన్ని అడుగులు వేస్తుందో గడియారం పెట్టి లెక్కకట్టి, అడుగులు తగ్గేలా సామాను అమర్చింది. గోడకి మడిచే ఇస్త్రీ బల్ల, పిండికీ పప్పుకీ లాగితే వచ్చే డబ్బాలు, కూర్చుని కూరలు తరుక్కోవడానికి పీట, అవతలి గదిలో పిల్లలు కనపడేలా జారుడు తలుపు. దాదాపు పదివేల ఇళ్ళలో ఆ వంటిల్లు వచ్చింది. ఈనాడు పట్నాల్లో కనపడే వంటగది గట్టూ అలమరలూ దాని సంతతే. ఆమె తర్వాత నాజీలకు వ్యతిరేకంగా పనిచేసి 1941లో పట్టుబడి, యుద్ధం ముగిసేదాకా జైల్లో ఉంది.

ఆడవాళ్ళ శ్రమ తగ్గాలన్న ఆమె తపనకి నమస్కారం పెట్టాలి. అయినా ఆ వంటింటిని తర్వాతి స్త్రీవాదులు విమర్శించారు, అదీ సబబే. ఆ గదిలో ఒక్క మనిషే పట్టేది. అంటే పని ఎప్పటికీ ఒక్కరిదే. భర్తో పిల్లాడో చెయ్యి వెయ్యాలన్నా చోటు లేదు. ఇంకో సంగతి, తాను అంతకుముందు ఎన్నడూ వండి ఎరగనని ఆమే తర్వాత చెప్పుకుంది. గడియారం అడుగుల్ని లెక్కపెట్టగలదు. ఆ అడుగులు ఆమే ఎందుకు వెయ్యాలి అని అడగలేదు. దీన్నించి నేను తీసుకునే పాఠం రెండు ముక్కల్లో చెబుతాను. ప్లాను గీసే చోట ఆడమనిషి ఉండటం అవసరం, అదొక్కటే చాలదు. వండేవాళ్ళనీ, మోసేవాళ్ళనీ కూడా కూర్చోబెట్టుకోవాలి. రెండు, పని తేలిక చేసే సామాను పనిని పంచదు. పంచడం మనమే అడగాలి.

ముగ్గులో నడిచి చూడండి

ఇప్పుడు పనిలోకి వద్దాం. కాగితం మీది ప్లాను చాలామందికి అర్థం కాదు. చదువుకున్నవాళ్ళకీ కాదు, సిగ్గుపడక్కర్లేదు. అంచేత కట్టబోయే ఇంటిని ముందు నేల మీద నిజం కొలతల్లో బూడిదతో గియ్యండి. 18కి 15. గోడల మందం వదలండి. తలుపులున్న చోట ఖాళీ ఉంచండి. తర్వాత ఇంట్లోంచి నిజం మంచం, నిజం గాదె, నీళ్ళ బిందెలు, కోళ్ళ గంప తెచ్చి ఆ ముగ్గులో పెట్టండి. ఇంటిల్లిపాదీ అందులోకి వెళ్ళి పడుకుని చూడండి. ఒక మనిషి కట్టెల మోపుతో గుమ్మంలోంచి పొయ్యి దాకా నడవండి. కుదరని చోట కాలితో చెరిపి మళ్ళీ గియ్యొచ్చు. బూడిద గీతకి ఖర్చు లేదు. గోడ లేచాక మారిస్తే వేలు పోతాయి. రేపు ఉదయం మనం ఈ మైదానంలో చెయ్యబోయేది ఇదే.

అలా గీసేటప్పుడు గుర్తుపెట్టుకోవలసినవి కొన్ని.

మొదటిది అటక. ఏడడుగుల ఎత్తున, కిటికీల పైన పోసే లింటెల్‌తో పాటే ఒక గోడ పొడుగునా రెండడుగుల వెడల్పు పలక పోయించండి. 13 అడుగుల గోడకి 26 అడుగుల చోటు గాలిలో దొరికినట్టు. లింటెల్‌తో కలిపి పోస్తే ఖర్చు తక్కువ, తర్వాత కట్టాలంటే ఎక్కువ. కానీ రోజూ తీసేది అటక మీద పెట్టకండి. బస్తా తలమీద పెట్టుకుని నిచ్చెన ఎక్కేది మనమే కదా. ఏడాదికి ఒకసారి తీసేవి పైన, నెలకోసారి తీసేవి భుజం ఎత్తున, రోజూ తీసేవి మోకాలికీ భుజానికీ మధ్య ఉండాలి.

రెండోది కొక్కాలు. శ్లాబు పోసేముందు కడ్డీలకి ఆరేడు ఇనప కొక్కాలు వేలాడగట్టించండి. ఉట్టికి రెండు, ఉయ్యాలకి ఒకటి, దండేనికి రెండు, తడిక నిలపడానికి రెండు. ఇదంతా కలిపి ఒక రోజు కూలి అంత ఖర్చు కాదు. శ్లాబు పోశాక దాన్ని బెజ్జం కొట్టి కొక్కెం బిగించేవాడు ఊళ్ళో దొరకడు.

మూడోది గూళ్ళు. తొమ్మిది అంగుళాల గోడలో సగం మందం వదిలిపెడితే నాలుగున్నర అంగుళాల లోతు గూడు వస్తుంది. దీపం, పుస్తకాలు, మందులు, గిన్నెలు అందులో పడతాయి. ఇటుక మిగులుతుంది కూడా. కేరళలో లారీ బేకర్ అనే వాస్తుశిల్పి ఇలాగే గోడలోనే అలమరలూ, గోడకి కలిపి కూర్చునే గట్లూ కట్టి, కొనే సామాను లేకుండానే పేదల ఇళ్ళు నింపాడు. ఇటుకలు పక్కకి నిలబెట్టి మధ్యలో బోలుగా గోడ కట్టే పద్ధతిని ప్రచారం చేసి నాలుగో వంతు ఇటుక మిగిల్చాడు. అలాంటి గోడ కట్టడం మేస్త్రీకి నేర్పించాలి, అది వేరే సంగతి.

నాలుగోది పొయ్యి. ఉజ్వల పథకం 2016లో వచ్చింది, గ్యాసు కనెక్షను ఆడవాళ్ళ పేరునే ఇస్తున్నారు. బండ నింపించుకునే డబ్బు చేతిలో లేనప్పుడు మళ్ళీ కట్టెలే. అంచేత రెండు పొయ్యిలకీ చోటు చూసుకోండి. కట్టెల పొయ్యి వెనక వసారాలో, పై నుంచి పొగ పోయే దారితో ఉండాలి. చలికాలంలో ఇక్కడి చలికి పొయ్యి వెచ్చదనం కావాలి కనుక వసారాకీ గదికీ మధ్య గోడ పక్కనే పొయ్యి పెట్టండి. ఆ గోడ వేడెక్కి గదిని కొంత వెచ్చగా ఉంచుతుంది. విత్తనానికి కావలసిన చిన్న అటక ఆ వసారాలోనే కట్టొచ్చు. అప్పుడు పొగ విత్తనానికి తగులుతుంది, నిద్రపోయే పిల్లలకి తగలదు. గ్యాసు గట్టు ఎత్తు మేస్త్రీ ఇష్టానికి వదలకండి. వండే మనిషి నిలబడి మోచెయ్యి మడిస్తే, గిన్నె అంచు ఆ మోచేతికి నాలుగు వేళ్ళు కింద ఉండాలి. ఐదడుగుల మనిషికి పట్నం గట్టు ఎత్తయిపోతుంది, భుజాలు లాగేస్తాయి.

ఐదోది పెట్టె బల్ల. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. పగలు కూర్చోవచ్చు, రాత్రి ఒకరు పడుకోవచ్చు, లోపల రెండు క్వింటాళ్ళకు పైగా వడ్లు పడతాయి. కానీ పై నుంచి తెరిచే మూత పెట్టించకండి. పొద్దున్నే వడ్లు తియ్యాలంటే పడుకున్న మామగారిని లేపలేక కోడలు కాచుకు కూర్చోవాలి. పక్కకి తెరిచే తలుపు పెట్టించండి. ఇలాంటి సంగతి కొట్టులో సామాను అమ్మేవాడికి తట్టదు, కోడలికి తడుతుంది.

ఆరోది ఆడపిల్ల చదువుకునే చోటు. మూడడుగుల పలకని కీళ్ళతో గోడకి బిగించి, గొలుసుతో ఆపితే బల్ల అవుతుంది, అక్కర్లేనప్పుడు గోడకి ఆనుకుంటుంది. దీపం దాని మీద ఉండేలా చూడండి. సెలవులకి హాస్టలు నుంచి వచ్చిన పిల్లకి ఇంట్లో పుస్తకం తెరిచే చోటు లేకపోతే చేటా చీపురే చేతికొస్తాయి. మగపిల్లాడు అరుగు మీద చదువుకుంటాడు. ఆడపిల్ల అరుగు మీద ఎంతసేపు కూర్చుందో ఊరంతా లెక్కపెడుతుంది.

చివరిది తడిక. ఇంట్లో కొత్త కోడలు వచ్చినా, బాలింత ఉన్నా, బట్టలు మార్చుకోవాలన్నా ఒక మరుగు కావాలి. ఇటుక గోడ కడితే అది ఎప్పటికీ గోడే. వెదురు తడిక అయితే రాత్రికి గోడ, పగటికి గాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి, దాని మీద హక్కు మీది. బయటి నుంచి ప్లైవుడ్డు కొననక్కర్లేదు.

ఎవరు మడుస్తారు?

ఇన్ని చెప్పాక ఒక మాట గట్టిగా చెప్పాలి. మడిచే సామాను కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని రోజుకి ఎన్నిసార్లు మడవాలి? ఎంత బరువు ఉంటుంది? ఎవరు మడుస్తారు? మొదటి రెండూ వడ్రంగి చెప్పగలడు. మూడోది ఇంట్లో తేలాలి. నిండు నెలల మనిషి ఇనప మంచం ఎత్తి గోడకి నిలబెట్టాలంటే ఆ మంచం చోటు మిగిల్చిందని సంతోషించలేం. పట్నం ఫ్లాటులోనూ ఇంతే. సోఫా మంచాన్ని రాత్రి లాగి పరచడం, పొద్దున్నే దుప్పట్లు మడిచి మూసెయ్యడం అక్కడా భార్య పనే, లేదా పనిమనిషి పనే. ఆ పనిమనిషి ఈ కొండల నుంచి దిగిన పిల్లే కావచ్చు. చోటు మిగిలింది యజమానికి, నడుం నొప్పి మిగిలింది ఆమెకి.

అంచేత ఎవరి పక్క వాళ్ళు ఎత్తుకోవాలి అన్నది ఇంట్లో నియమం కావాలి. చెప్పడానికి చిన్నదే. ఇంట్లో నలుగురు మగవాళ్ళు పొద్దున్నే తమ చాపలు తాము చుట్టుకుంటే ఆడమనిషి నాలుగుసార్లు వంగే పని తప్పుతుంది. ఏడాదికి ఎన్నిసార్లో లెక్కేసి చూడండి. పదేళ్ళ మగపిల్లాడితో మొదలుపెట్టండి, పెద్దవాళ్ళ కన్నా వాడికి నేర్పడం తేలిక.

పేరు, ప్లాను

ఇక హక్కు విషయం. ఇంటి మీద పేరు లేనివాళ్ళ మాటకి ప్లానులో విలువ ఉండదు, అంచేత రెండూ కలిపే అడగాలి.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌లో ఇల్లు భార్యాభర్తల ఉమ్మడి పేరున గాని, స్త్రీ ఒక్కరి పేరున గాని మంజూరు చెయ్యవచ్చు. ఇంకో నిబంధన, ఇల్లు లబ్ధిదారే కట్టుకోవాలి, కాంట్రాక్టరు ఉండకూడదు. అంటే నమూనా ప్లాను చూపించి "ఇలాగే కట్టాలి" అని ఎవరైనా అంటే, కనీస వైశాల్యం, గట్టి కట్టడం ఉన్నంతవరకు లోపల అమరిక మీ ఇష్టమని అడగడానికి మీకు ఆధారం ఉంది. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ప్రకారం పెళ్ళయినవాళ్ళకి పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. మీ పట్టా తీసి చూడండి. మీ పేరు ఉందా? ఉంటే ఏ వరసలో ఉంది?

వారసత్వం దగ్గర చిక్కు ఉంది. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) వల్ల ఆ చట్టం షెడ్యూల్డు తెగలకి వర్తించదు. దీంతో "మన ఆచారంలో ఆడపిల్లకి లేదు" అనే మాట చాలాచోట్ల చట్టంలా చెలామణీ అవుతోంది. 2025 జులైలో సుప్రీంకోర్టు ఒక గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్ళకి వాటా లేదనే ఆచారం ఉన్నట్టు రుజువు లేనప్పుడు వాటా నిరాకరించడం సమానత్వ హక్కుకి విరుద్ధమని తీర్పిచ్చింది. చట్టం మారలేదు కానీ, ఆచారం పేరు చెప్పి నోరు మూయించడం ఇక అంత తేలిక కాదు. ఇంకో మాట. పేరు ఎవరిదైనా సరే, కాపురం ఉన్న ఇంట్లోంచి భార్యని గెంటెయ్యడానికి వీల్లేదని 2005 గృహహింస చట్టం సెక్షన్ 17 చెబుతుంది. ఇంటి ప్లానులో నోరు విప్పినందుకు దెబ్బలు తినే ఇళ్ళు కూడా ఉన్నాయి. వాళ్ళు ముందు ఈ సెక్షను గుర్తుంచుకోవాలి.

మాట్లాడే వేదిక గ్రామసభ. 1996 పీసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో పథకాలకి ఆమోదం చెప్పేదీ, లబ్ధిదారులను గుర్తించేదీ గ్రామసభే. దానికి మన రాష్ట్రంలో 2011లో నియమాలు కూడా వచ్చాయి. ఇళ్ళ జాబితా చదివే రోజున ఆడవాళ్ళు నీళ్ళకీ కట్టెలకీ పోతే జాబితాతో పాటు ప్లానూ మనం లేకుండానే అయిపోతుంది. అందరూ కలిసి వెళ్ళండి. నాలుగు తీర్మానాలు రాయించండి. ఒకటి, మంజూరు స్త్రీ పేరున లేదా ఉమ్మడి పేరున. రెండు, పునాదికి గీత గీసే రోజున ఆ ఇంటి ఆడమనిషి ఉండి ఒప్పుకోవాలి, పుస్తకంలో ఆమె సంతకమో వేలిముద్రో పడాలి. మూడు, అటక, కొక్కాలు, వెనక వసారా అంచనాలోనే చేర్చాలి. నాలుగు, రోడ్డు లేని ఊళ్ళకి సామాను మోసే కూలి విడిగా ఇవ్వాలి, ఆ మోసేది ఆడవాళ్ళే కనుక వాళ్ళ చేతికే ఇవ్వాలి.

నాలుగూ ఒక్కసారే ఒప్పుకుంటారని నేను అనుకోను. రెండో తీర్మానం దగ్గర అధికారులకన్నా ముందు మన ఇళ్ళలో మగవాళ్ళే గొణుగుతారు. "వేలిముద్ర వెయ్యడానికి ఇది నీ ఇల్లా?" అంటారు. ఆ ప్రశ్న సభలో, అందరి ముందూ రావడమే మంచిది. అప్పుడు జవాబు కూడా అందరూ వింటారు.

రేపు పొద్దున్న ఏడింటికి మైదానంలో కలుద్దాం. ఒక్కో ఊరివాళ్ళు ఒక్కో బుట్ట బూడిదా, కొలతాడూ తెచ్చుకోండి. మంచాలు ఇక్కడివాళ్ళు ఇస్తామన్నారు. ఇళ్ళలోని మగవాళ్ళని కూడా తీసుకురండి, మంచాలు మొయ్యడానికి మనుషులు కావాలి.